రోజూ కావలి నుంచి నెల్లూరికి: స్విఫ్టా, ఐ20 ఎన్ లైనా?

కావలి నుంచి నెల్లూరికి రోజూ ఉద్యోగానికి వెళ్లివచ్చేవారు ఏడాదికి సుమారు 30,000 కిలోమీటర్లు తిరుగుతారు కనుక, మారుతీ స్విఫ్ట్, హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ (ఐ20లో స్పోర్టీ రకం) కార్లలో ఏది ఎంచుకున్నా, కొన్న ధరతో పాటు నడిపే ఖర్చునూ గట్టిగా లెక్క వేసుకోవాలి.

శక్తి: స్విఫ్ట్ 1.2 లీటర్ల ఇంజను 82 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి శక్తి కొలమానం), ఎన్ లైన్ 1.0 లీటరు టర్బో 120 పీఎస్ ఇస్తాయి. జాతీయ రహదారిపై రొయ్యల మేత లారీని దాటాలంటే స్విఫ్ట్‌లో గేరు తగ్గించి ఇంజను అరుపు భరించాలి. ఎన్ లైన్‌లో పాదం కాస్త నొక్కితే చాలు. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులుండటం దీనికి మరో బలం.

ఇంధనం: 2024 స్విఫ్ట్ మాన్యువల్‌కు కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకు 24.8 కిలోమీటర్లు. టర్బో అంత ఇవ్వదు, హుషారుగా తొక్కితే మరీ తగ్గుతుంది (ఆ హుషారు కోసమే కదా కొనేది!).

నిర్వహణ: ఎన్ లైన్ డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్)లోని డ్రై క్లచ్ (నూనెలో మునగని క్లచ్), ట్రంకు రోడ్డు రద్దీలో అంగుళం అంగుళం కదిలేటప్పుడు వేడెక్కుతుంది కాబట్టి, వారంటీ ముగిశాక కూడా పదేళ్లు ఉంచుకోదలిచినవారికి మాన్యువలే మేలని నా అభిప్రాయం.

ప్రయాణంలో అధిక భాగం హైవే అయి, పెట్రోలు ఖర్చుకు వెనుకాడనివారికి ఎన్ లైన్ మాన్యువల్ తగినది. ఊళ్లోనే ఎక్కువగా తిరుగుతూ నెల జీతంలో ఇంధనం లెక్క చూసుకునేవారు స్విఫ్ట్ తీసుకోవడం మంచిది.