డ్రగ్ కోర్టుకు డబ్బు: గ్రాంటు మేలా, పరిహారం సొమ్మా, అమ్మకపు పన్నా?

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు మిత్రులు కొన్నాళ్లుగా ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. ఫెడరల్ గ్రాంట్లూ, ఓపియాయిడ్ (నల్లమందు తరహా నొప్పి నివారణ) మందుల కంపెనీలు కట్టిన పరిహారమూ ఉండగా, సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ డ్రగ్ కోర్టు వంటి వాటి కోసం మన కొనుగోళ్ల మీద అదనంగా 0.1 శాతం పన్ను ఎందుకు వసూలు చేయాలన్నది వారి సందేహం. నా మటుకు నేను, డబ్బు ఎంత వస్తుందనే దానికన్నా ఎన్నాళ్లు నిలకడగా వస్తుందనేదే ముందు చూస్తాను.

డ్రగ్ కోర్టంటే మత్తుమందుల వ్యసనం వల్ల కేసుల్లో పడ్డవారిని జడ్జి పర్యవేక్షణలో చికిత్సకు పంపే కోర్టు. అందులో చేరినవారు జైలుకు బదులు ఏడాదికి తక్కువ కాకుండా, తరచు ఏడాదిన్నర దాకా చికిత్సలో ఉండాలి. మొదటి దశలో వారానికి కనీసం రెండుసార్లు, ముందుగా చెప్పని రోజుల్లో మూత్ర పరీక్షలు జరగాలి, రెండు వారాలకొకసారి జడ్జి ఎదుట హాజరు కావాలి. పరీక్షకు రానివారికి ఫోన్ చేసి ఆరా తీయడం, చికిత్సా కేంద్రంలో చోటు వెతకడం, తలదాచుకునే నీడ చూడడం కేస్ మేనేజర్ల పని. ఆ జీతాలు ఆగిపోతే జడ్జి ఉంటారు, కోర్టు హాలు ఉంటుంది, కార్యక్రమం మాత్రం ఉండదు.

1989లో మయామీలో పుట్టిన ఈ పద్ధతికి 1994 నాటి క్రైమ్ చట్టం ఫెడరల్ నిధుల దారి తెరిచింది. కొత్తగా కోర్టు పెట్టుకునే చిన్న కౌంటీకి ఆ గ్రాంటే దిక్కు, అందులో సందేహం లేదు. అయితే అది మూడు నాలుగేళ్లకే పరిమితం. ఖర్చులో నాలుగో వంతు స్థానికంగా సమకూర్చుకోవాలి, హింసాత్మక నేరాల చరిత్ర ఉన్నవారిని ఆ డబ్బుతో చేర్చుకోరాదు. పైగా 2025 ఏప్రిల్‌లో ఫెడరల్ న్యాయశాఖ వందలాది గ్రాంట్లను గడువు తీరకముందే రద్దు చేసింది. అవన్నీ డ్రగ్ కోర్టులవి కాకపోయినా, గ్రాంటును నమ్ముకుని జీతాలు మొదలుపెట్టినవారికి అది చాలినంత హెచ్చరిక.

పరిహారం సొమ్ము కొంత నయం. 2022లో వాషింగ్టన్ రాష్ట్రం ముగ్గురు పెద్ద మందుల పంపిణీదారులతో కుదుర్చుకున్న 51.8 కోట్ల డాలర్ల ఒప్పందం ప్రకారం చెల్లింపులు 17 ఏళ్ల పాటు వస్తాయి. కాని అది ఓపియాయిడ్ల వల్ల జరిగిన నష్టాన్ని పూడ్చడానికి ఇచ్చిన డబ్బు. కోర్టుకు వచ్చినవారిలో ఓపియాయిడ్ కాని మెథాంఫెటమిన్ అనే మత్తుమందు ఒక్కదానికే బానిసైనవారి ఖర్చును ఆ పద్దులో ఎలా చూపాలన్న చిక్కు ఉండనే ఉంటుంది.

ఇక అమ్మకపు పన్ను. 2005 నాటి రాష్ట్ర చట్టం దీనికి వీలు కల్పించింది, కింగ్ కౌంటీ కౌన్సిల్ 2007లో ఆమోదించి 2016లో పొడిగించింది. ఈ డబ్బును మానసిక ఆరోగ్యానికీ, వ్యసన చికిత్సకూ, ఇలాంటి కోర్టులకూ మాత్రమే వాడాలని ఆ చట్టమే అంటోంది. వెయ్యి డాలర్ల లాప్‌టాప్ కొంటే దీని వాటా ఒక డాలరు. ఇండియన్ స్టోరులో కొన్న బియ్యం బస్తా మీద అదీ లేదు, పక్కనే ఉన్న ప్రెషర్ కుక్కర్ మీద ఉంటుంది. లోపాలు లేవని అనను. ఆదాయంలో ఎక్కువ భాగం ఖర్చయిపోయే పేదల మీదే ఈ భారం దామాషాలో ఎక్కువ, ఆ కోర్టుకు వచ్చేవారిలో చాలామంది వారే. మాంద్యం వస్తే రాబడి తగ్గుతుంది. 2008 నాటి మాంద్యం సమయంలో ఇందులో కొంత భాగాన్ని, అంతకుముందు వేరే నిధులతో నడిచిన పాత ఖర్చులకు మళ్లించుకోవడానికి చట్టసభే అనుమతించింది కూడా. అయినా తగ్గిన రాబడితో సిబ్బందిలో కొందరినైనా ఉంచుకోవచ్చు, ఆగిపోయిన గ్రాంటుతో ఒక్కరినీ ఉంచుకోలేం.

పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్ చికిత్స బిల్లు కడుతుంది గాని, కోర్టు సిబ్బంది జీతాలు కట్టదు. నిందితుల దగ్గరే ఫీజు వసూలు చేయాలనే వాదన ఉంది. ఉద్యోగం పోగొట్టుకుని వచ్చినవారి నుంచి రాబట్టేది ఎంతో ఊహించుకోవచ్చు. నన్నడిగితే జీతాలూ పరీక్షల ఖర్చూ పన్ను మీద, ఓపియాయిడ్ బాధితుల మందులూ వసతీ పరిహారం మీద, సిబ్బంది శిక్షణ వంటి ఒక్కసారి ఖర్చులు గ్రాంటు మీద వేస్తాను.