ప్లాన్ ఎవరిది? ‘జాతిరత్నాలు’, ‘బ్రోచేవారెవరురా’ల్లో ఏది మేలు?

క్రైమ్ కామెడీలో ఎవరికి చోటు దొరికిందో తెలియాలంటే పోస్టర్ మీద ముఖాలు లెక్కపెడితే చాలదు. ఈ కథల్లో ఒకరు ప్లాన్ వేస్తారు, ఒకరు చెడగొడతారు, ఒకరు మోసపోతారు. ప్లాన్ ఎవరిది, నవ్వు ఎవరి మీద పడుతోంది? ‘జాతిరత్నాలు’, ‘బ్రోచేవారెవరురా’ సినిమాల్లో నేను చూసేది ఈ రెండే.

ముందు యాస సంగతి. 1985లో ‘ప్రతిఘటన’లో కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో కాశయ్యగా భయపెట్టారు. ఆయన సొంతూరు కృష్ణా జిల్లా కంకిపాడు. నటన గొప్పదే. కానీ ఆ తర్వాత చాలా ఏళ్లు తెర మీద ఆ యాస వినబడిందంటే అది విలన్‌దో కమెడియన్‌దో అయ్యుండేది. ఆ మాట మాట్లాడుకునే ఇళ్లల్లో కూర్చుని అది చూడటం ఎంత కష్టమో ఊహించండి. 2021 శివరాత్రికి వచ్చిన ‘జాతిరత్నాలు’లో దర్శకుడు అనుదీప్, తెలంగాణలోని చిన్న ఊరు జోగిపేట కుర్రాళ్లు ముగ్గురినీ కథ నడిమధ్యన నిలబెట్టారు. శ్రీకాంత్‌గా నవీన్ పొలిశెట్టి, అతని స్నేహితులుగా ప్రియదర్శి, రాహుల్ రామకృష్ణ. వాళ్లను చూసి పడీపడీ నవ్వుతాం, కానీ ఆ నవ్వు యాస మీద కాదు, వాళ్ల అతి నమ్మకం మీద. తండ్రి దుకాణం తెచ్చిపెట్టిన ‘లేడీస్ ఎంపోరియం శ్రీకాంత్’ అనే పిలుపు వదిలించుకోవాలని ఊరు దాటిన కుర్రాడి ఉక్రోషం కరీంనగర్‌లో ఎంత అర్థమవుతుందో కాకినాడలోనూ అంతే అర్థమవుతుంది. నా లెక్కలో ఇది చిన్న విజయం కాదు.

అయితే ఆ ముగ్గురి చేతిలో ప్లాన్ లేదు. ఎమ్మెల్యేను చంపబోయారన్న కేసు వచ్చి వాళ్ల నెత్తిన పడుతుంది. చిన్న ఊరివాడంటే లోకం తెలియనివాడే అన్న పాత అచ్చు అలాగే ఉండిపోయింది. హీరోయిన్ చిట్టి పాత్రకు ఇంకా తక్కువ దక్కింది. ఆమె లాయరు. అయినా కోర్టు సీను అనగానే మనకు గుర్తొచ్చేది శ్రీకాంత్ వాదనే.

‘బ్రోచేవారెవరురా’ 2019 జూన్‌లో వచ్చింది, దర్శకుడు వివేక్ ఆత్రేయ. ఇందులో మిత్ర (నివేదా థామస్) కాలేజీ ప్రిన్సిపాల్ కూతురు. ఆమె మనసంతా నాట్యం మీద. ఇంట్లోంచి బయటపడాలంటే డబ్బు కావాలి, అందుకని తనను ఎవరో ఎత్తుకెళ్లినట్టు నాటకమాడదామని స్నేహితులకు చెబుతుంది. ఆలోచన ఆమెదే. 1993 నాటి ‘మనీ’ సినిమా తలుచుకోండి. అందులోనూ కిడ్నాపే, అందులోనూ ఎత్తుకెళ్లేది ఒక స్త్రీనే, జయసుధ పాత్రను. కానీ పథకం కుర్రాళ్లది. ఇరవై ఆరేళ్ల తర్వాత కిడ్నాప్ అయ్యే మనిషే కిడ్నాప్‌కు పథకం వేసింది. ఈ మలుపు చూసినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది.

ఆ సంతోషం సినిమా చివరిదాకా నిలవలేదు. నాటకం కాస్తా నిజమైన కిడ్నాప్ అయ్యాక మిత్ర కాపాడబడాల్సిన అమ్మాయిగా మారిపోయింది. సినిమా పేరులో ఉన్న మైసూరు వాసుదేవాచార్యుల కీర్తన అడిగే ‘కాపాడేవారు ఎవరు’ అన్న ప్రశ్నకు జవాబు మళ్లీ మగపిల్లలే అయ్యారు. అంత తెలివైన బుర్రకు రెండో సగంలో ఇంకాస్త పని ఇచ్చి ఉండాల్సింది.

ఒకటే ఎంచుకోమంటే, యాస విషయంలో ఎంత ప్రేమ ఉన్నా, నా ఓటు ‘బ్రోచేవారెవరురా’కే. హీరో తెలంగాణ యాస మాట్లాడితే ఇవాళ ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు, ఆ తలుపు తెరుచుకుంది. నేరం చుట్టూ నవ్వించే కథలో అమ్మాయి ప్లాన్ వేయడం మాత్రం ఇప్పటికీ అరుదే. రెండూ కలిసిన సినిమా ఎవరైనా తీస్తే బాగుండు. అదే జోగిపేటలో, అదే ఎంపోరియం కౌంటర్ వెనక గాజులు అమ్మే ఒక పిల్ల తన యాసలోనే పథకం చెబుతుంటే, శ్రీకాంత్ లాంటివాళ్లు నోరు తెరుచుకుని వినాలి.