డీ750 ఉంచుకోవాలా, జెడ్6 టూ కొనాలా?

రెండూ నికాన్ కెమెరాలే: డీ750 వచ్చింది 2014లో, జెడ్6 టూ 2020లో. రెండూ ఇంచుమించు 24 మెగాపిక్సెల్సే. పొద్దున్నే చార్మినార్ దగ్గర తీసిన ఫొటో ఏ కెమెరాదో ప్రింట్ చూసి నేనైతే చెప్పలేను.

తేడా తెలిసేది పెళ్లిలో. తలంబ్రాల సందడిలో జెడ్6 టూ పెళ్లికూతురి కంటిని వెతికి ఫోకస్ చేస్తుంది. జీలకర్ర-బెల్లం వేళ చప్పుడు లేకుండా తీయొచ్చు, కాకపోతే ఎల్‌ఈడీ లైట్ల కింద గీతలు పడే ప్రమాదం ఉంది. మరి బ్యాటరీ? కంపెనీ లెక్కలో ఒక్కసారి ఛార్జ్ చేస్తే డీ750కి 1,230 ఫొటోలు, జెడ్6 టూకి కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌తో 340. పైగా నా పాత 50 ఎంఎం డీ లెన్స్‌లో (ఫోకస్ మోటార్ లేని పాతరకం) జెడ్6 టూకి అడాప్టర్ పెట్టి తగిలించినా ఆటోఫోకస్ రాదు, రింగు చేత్తో తిప్పుకోవాల్సిందే.

పెళ్లిళ్లే బతుకుతెరువైతే మారండి. ట్యాంక్‌బండ్ మీద సాయంత్రాలు తీసుకునేవాళ్లు మాత్రం ఆ డబ్బుతో కోఠీలో మంచి లెన్స్ చూడండి.