డచ్ గుడారం దగ్గరి డబ్బుపెట్టె: రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఆడిన తరువాత

నెల్లూరులో పాత ఆటల డిస్కులు అమ్మే ఒక దుకాణంలో ప్లేస్టేషన్ 4 కోసం రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ను 1,100 రూపాయలకు కొన్నాను. ఇంటికి వచ్చి పెట్టె తెరిస్తే అందులో ఒక్కటే డిస్కు ఉంది. ఈ ఆటకు డిస్కులు రెండు. మొదటిది ఆటను యంత్రంలోకి ఎక్కించడానికి, రెండవది ఆడడానికి. మొదటిది లేనిదే రెండవది ఎందుకూ కొరగాదు. దుకాణం ఆయన నాలుగు రోజులు "రేపు రా అబ్బయ్యా" అంటూ తిప్పి, అయిదో రోజు ఏదో క్రికెట్ ఆట పెట్టెలోంచి ఆ డిస్కును తీసి, తుడిచి, చేతిలో పెట్టాడు. కొనదలచినవారు పెట్టెను అక్కడే తెరిచి చూసుకోవాలని, యంత్రంలో 100 జీబీకి పైగా ఖాళీ ఉంచుకోవాలని ముందుగా చెబుతున్నాను. ఇది పెద్దల ఆట, పిల్లలకు ఇవ్వవద్దు. కథ చివర కూడా ఇందులో చెప్పేస్తున్నాను కాబట్టి, ఇంకా ఆడనివారు చదవడం ఇక్కడితో ఆపితే మంచిది.

రాక్‌స్టార్ గేమ్స్ ఈ ఆటను 2018 అక్టోబరు 26 న విడుదల చేసింది. కంప్యూటర్ మీద ఆడేవారికి మరుసటి ఏడాది నవంబరులో వచ్చింది. కథ 1899 నాటి అమెరికాలో, దొంగల ముఠాల కాలం ముగిసిపోతున్న రోజుల్లో జరుగుతుంది. మనం ఆడేది ఆర్థర్ మోర్గన్ అనే ముఠా మనిషిగా, ఆ ముఠాకు పెద్ద డచ్ వాండర్ లిండ్. బొమ్మల నాణ్యతను ఇప్పటికే అందరూ పొగిడారు, నేను కొత్తగా కలిపేది లేదు. యాస అర్థం కావడానికి సబ్‌టైటిల్స్ పెట్టుకోక తప్పలేదు. ఆన్‌లైన్ విభాగం జోలికి నేను పోలేదు.

నడక మాత్రం చాలా నెమ్మది. సొరుగు తెరవాలన్నా, వేటాడిన జింక తోలు వలవాలన్నా, ఆర్థర్ ఆ పనిని మొదటి నుంచి చివరి దాకా మన కళ్ళ ముందే చేస్తాడు. గుర్రానికి మేత పెట్టాలి, బురద అంటితే బ్రష్షుతో రుద్దాలి. ఒంగోలు గిత్తలను పెంచే ఇంట్లో పుట్టిన మా బావకు ఇది చిరాకు పుట్టించకపోగా, గుర్రం డొక్కలు చూసి "మేత చాలలేదు దీనికి" అని ఆట ఆపించి మరీ మేపించాడు. మొదటి పది గంటలు ఓర్చుకోలేనివారు ఈ ఆటను కొనకపోవడమే మేలు. అయితే ఈ నెమ్మదితనం లేకపోతే డచ్ అనే ప్రతినాయకుడు లేడని నా అభిప్రాయం. ఇక మీదట చెప్పేదంతా అతని గురించే.

ముఠా విడిదిలో డచ్ గుడారం దగ్గర ఒక డబ్బుపెట్టె, దాని పక్కన ఒక లెక్కల పుస్తకం ఉంటాయి. కొల్లగొట్టినదాంట్లో ముఠా వాటా పోగా, మన చేతిలో మిగిలినదాన్ని కూడా ఆ పెట్టెలో వేయవచ్చు. పుస్తకం తెరిస్తే ముందుగా బాగుచేయించవలసిన నివాసం డచ్‌దే. అందుకు 220 డాలర్లు. పెద్దమనిషి గుడారం బాగుపడితే మిగిలినవారు కూడా ఉత్సాహంగా డబ్బు తెస్తారన్నది అక్కడి లెక్క, ఆటలో నిజంగా అలాగే జరుగుతుంది కూడా. నేను గుర్రానికి కొత్త జీను కొనడం మానుకుని ఆ పెట్టెలో వేశాను. డచ్ మాత్రం ప్రతి అధ్యాయంలోనూ ఇంకొంచెం డబ్బు కావాలని, తన దగ్గర ఒక ప్రణాళిక ఉందని, నమ్మకం ఉంచమని, తరువాత అందరూ తాహితీ దీవికి పోయి మామిడితోటలు పెంచుకోవచ్చని చెబుతూనే ఉంటాడు. ఉదయగిరి వైపు తోటలు గుత్తకు తీసుకునే మా మేనమామ ఒక సాయంత్రం వెనక నిలబడి ఈ మాట విని, "పూత మీద తేనెమంచు పురుగు పడితే అప్పుడు తెలుస్తాది వాడికి" అని నవ్వి వెళ్ళిపోయాడు. డచ్ మీద నేను విన్న విమర్శల్లో ఇంత సూటి అయినది మరొకటి లేదు.

ఈ ఆట అభిమానుల మధ్య ఏళ్ళ తరబడి తెగని తగవు ఒకటుంది: డచ్ మొదటి నుంచీ ఇంతేనా, లేక మంచివాడు మధ్యలో చెడిపోయాడా? మా బావది రెండో పక్షం. సెయింట్ డెనిస్ నగరంలో ట్రామ్ స్టేషన్ దోపిడీ బెడిసికొట్టి, పారిపోతున్న ట్రామ్ బోల్తాపడినప్పుడు డచ్ తలకు దెబ్బ తగులుతుంది. ఆ తరువాతనే అతను ఆ నగరపు నేరగాళ్ళ పెద్ద ఏంజెలో బ్రాంటేను నీళ్ళలో ముంచి చంపుతాడు, గ్వార్మా దీవిలో దారి చూపిన ముసలామె గొంతు నులుముతాడు, జైల్లో పడిన తోటి ముఠావాడు జాన్ మార్‌స్టన్‌ను విడిపించడానికి కదలడు, చమురు కర్మాగారంలో ఆర్థర్‌ను చావుకు వదిలి వెనుదిరుగుతాడు. కాబట్టి దెబ్బ తగిలింది మెదడుకేనని ఆయన వాదం.

వరస చూస్తే వాదం బలంగానే కనిపిస్తుంది గాని, ట్రామ్‌కు ముందు జరిగినవాటిని అది దాటవేస్తుంది. కథ మొదలయ్యేసరికే బ్లాక్‌వాటర్‌లో పడవ దోపిడీ జరిగిపోయింది, అక్కడ డచ్ హైడీ మెకోర్ట్ అనే నిరాయుధురాలిని కాల్చి చంపాడు. మంచులో నడిచే మొదటి అధ్యాయంలోనే ముఠావాళ్ళు ఆ సంగతిని గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. మూడో అధ్యాయంలో సంధి మాటల పేరుతో శత్రుముఠా పెద్ద కామ్ ఓడ్రిస్కల్ మనుషులు ఆర్థర్‌ను ఎత్తుకుపోయి హింసిస్తే, అతను తనంతట తానే తప్పించుకుని, గుర్రం మీద వాలిపోయి విడిదికి చేరుతాడు తప్ప, డచ్ వెతుక్కుంటూ రాలేదు. అప్పటికి ఏ ట్రామూ బోల్తాపడలేదు.

ఇక్కడ మా వీధి సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా అమ్మ చాలా ఏళ్ళు ఒకాయన దగ్గర చీటీలు కట్టింది. ఆయన మర్యాదస్థుడు, పాట రోజున అందరికీ కాఫీ ఇప్పించేవాడు, ఎవరింట్లో పెళ్ళయినా ముందు నిలబడేవాడు. ఒక ఏడాది రొయ్యల చెరువుల్లో నష్టం వచ్చిందన్నారు, ఆ తరువాత "ఇంకొక్క నెల ఓపిక పట్టండమ్మా" అన్నాడు, మరికొన్ని నెలలకు ఇంటికి తాళం పడింది. ఆయన మొదటి నుంచే మోసగాడా, రొయ్యలు ముంచాయా అని మా వీధిలో ఇప్పటికీ మాట వస్తుంది. రొయ్యలే ముంచాయని గట్టిగా వాదించేది ఎక్కువ కట్టినవాళ్ళే. తలదెబ్బ వాదంలో నాకు అదే వినిపిస్తుంది: పెట్టెలో వేసినంత కాలం మనం నమ్మినది మంచి మనిషినేనని మనకు మనం చెప్పుకోవడం.

అలాగని డచ్‌ను పథకం వేసి ముంచినవాడిగా కూడా నేను చూడలేను. తాహితీ మాట చెబుతున్నప్పుడు అతను దాన్ని నిజంగా నమ్ముతాడు; డచ్‌కు గొంతు ఇచ్చిన బెంజమిన్ బైరన్ డేవిస్ ఆ నమ్మకాన్ని ఎక్కడా సడలనివ్వలేదు. చెప్పినది జరగనప్పుడు లోపం తన మాటలో కాక విన్నవాళ్ళ విశ్వాసంలో ఉందని అతనికి తోస్తుంది. ఆర్థర్ ఒక ప్రశ్న వేస్తే అది ప్రశ్నగా కాక ద్రోహంగా వినబడేది అందుకే, పొగడ్త తప్ప మరొకటి తెలియని ముఠావాడు మైకా బెల్ దగ్గరవాడైపోయేదీ అందుకే. బావ వాదంలో ఒక్క అంశాన్ని మాత్రం నేను కాదనలేకపోయాను. బ్యాంకు దోపిడీ నాడు ముఠాలో పెద్దవాడు హోసియా చనిపోయాక, డచ్‌కు ఎదురుగా నిలబడి "వద్దు" అనగలిగినవాడు ముఠాలో లేకుండాపోయాడు. డచ్ మారకపోయి ఉండవచ్చు గాని, అతన్ని ఆపే చెయ్యి మాత్రం ఆ రోజే పోయింది.

అతని గతి మీద తగవు ఇంకా పెద్దది. ఆర్థర్ చనిపోయిన ఎనిమిదేళ్ళకు, 1907 లో, మంచుకొండ మీద జాన్ పగ తీర్చుకోవడానికి మైకాను వెతుక్కుంటూ వెళితే, అక్కడ డచ్ ఉంటాడు. ఎందుకు వచ్చావంటే, నీవు వచ్చిన పనికేననుకుంటాను అంటాడు. చివరకు మైకాను కాల్చి, ఏమైనా మాట్లాడమని జాన్ అడిగితే, చెప్పడానికి తనకు ఇక పెద్దగా ఏమీ లేదని మంచులోకి నడిచిపోతాడు. బ్లాక్‌వాటర్ సొమ్ము 20,000 డాలర్లు గుడిసెలోనే ఉండిపోతాయి. ఆర్థర్‌కు చేసిన ద్రోహానికి ఇది ప్రాయశ్చిత్తమని ఎక్కువమంది అంటారు. ఆ దృశ్యం చూసిన రాత్రి నేనూ అలాగే అనుకున్నాను. అరవై గంటలు డబ్బు డబ్బు అని జపించినవాడు ఆ డబ్బు వైపు తిరిగి చూడకుండా పోవడం మామూలు సంగతి కాదు.

కాని 2010 లో వచ్చిన మొదటి రెడ్ డెడ్ రిడెంప్షన్ కథ దీని తరువాత, 1911 లో జరుగుతుంది. అందులో డచ్ మళ్ళీ కొండ మీదనే, మళ్ళీ కొత్త కుర్రవాళ్ళను చుట్టూ చేర్చుకుని, అవే ప్రసంగాలు చేస్తూ కనిపిస్తాడు. చివరకు మార్పుతోనూ గురుత్వాకర్షణతోనూ పోరాడలేమని జాన్‌తో చెప్పి, వెనక్కి అడుగు వేసి లోయలోకి పడిపోతాడు. ఆ శవం మీద కూడా ప్రభుత్వ ఏజెంటు ఎడ్గర్ రాస్ నివేదికలో బాగుంటుందని ఒక గుండు పేలుస్తాడు. మంచుకొండ మీద మాటలు ఉడిగినవాడికి నాలుగేళ్ళలో మాటలు తిరిగి వచ్చాయంటే, నేను దాన్ని పశ్చాత్తాపం అనలేను. రచయితలు ఎనిమిదేళ్ళ ముందే రాసిపెట్టిన ఆ లోయకే ఈ కథను తెచ్చి చేర్చాలి. అయినా ఆ మౌనానికి అర్థం ఇదీ అని చెప్పకుండా వదిలేశారు. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చినది అదే.

డిస్కులు రెండూ ఇప్పుడు రొయ్యల మేత అమ్మే మా స్నేహితుడి దగ్గర ఉన్నాయి. ఇంతకాలం వీడియో ముక్కలు మాత్రమే చూసి డచ్ పక్కా మోసగాడని మా అందరికన్నా గట్టిగా వాదించినవాడు అతనే. ఎక్కడి దాకా వచ్చావని నిన్న ఫోను చేస్తే రెండో అధ్యాయంలో ఉన్నానన్నాడు. పెట్టెలో ఏమైనా వేశావా అని అడిగాను. కాసేపు పలకలేదు. "గుడారం పాతబడిపోయుండాది గదా పాపం, 220 కట్టేశా" అన్నాడు.