గిన్నెలో ద్రాక్షారసమా, వట్టి నీళ్లా?

తొలినాటి క్రైస్తవులందరూ ప్రభువు బల్ల దగ్గర, అంటే యేసు చివరి భోజనాన్ని గుర్తుచేసుకునే ఆరాధనలో, ఒకే రకం గిన్నె ఎత్తలేదు. క్రీ.శ. 155 ప్రాంతంలో రోమ్‌లో క్రైస్తవ రచయిత జస్టిన్ రాసినదాన్ని బట్టి, అక్కడ రొట్టెతో పాటు ద్రాక్షారసం, నీళ్లు తెచ్చేవారు. ద్రాక్షారసంలో నీళ్లు కలుపుకుని తాగడం ఆ రోజుల్లో ఇంటింటి అలవాటే.

ఇంకోపక్క వట్టి నీళ్లతో సరిపెట్టినవాళ్లూ ఉన్నారు. ఎన్‌క్రటైట్లు అనే కఠిన నియమాల క్రైస్తవ వర్గం వాళ్లు మాంసం, మద్యం, పెళ్లి మూడూ వద్దన్నారు. అన్యదేవతలకు ధారపోసేదీ ద్రాక్షారసమే కదా, దాన్ని చూస్తే కొందరికి వెగటు పుట్టిందంటే నేను నమ్మగలను.

ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ బిషప్ సిప్రియన్ 3వ శతాబ్దం మధ్యలో రాసిన ఉత్తరంలో మరో కారణం కనిపిస్తుంది: భయం. తెల్లవారుజామున ఆరాధనలో ఒక్క గుక్క తాగినా నోరు వాసనేస్తుంది. ఆ వాసనే తమను పట్టిస్తుందేమోనని కొందరికి టెన్షన్. క్రైస్తవులపై హింస నడుస్తున్న రోజులవి, వాళ్లను తేలిగ్గా తప్పుపట్టలేను.

సిప్రియన్ మాత్రం ఒప్పుకోలేదు. ఆయన లెక్కలో ద్రాక్షారసం క్రీస్తు రక్తం, నీళ్లు ప్రజలు. ద్రాక్షారసం ఒక్కటే పోస్తే మనం లేని క్రీస్తు, నీళ్లొక్కటే పోస్తే క్రీస్తు లేని మనం. రెండూ కలిపాక మళ్లీ విడదీయడం ఎవరి తరమూ కాదు. నా మనసు ఈ కలిపిన గిన్నె వైపే. నీళ్ల గిన్నెలో నిష్ఠ ఉంది, కానీ ఈ దగ్గరితనం అందులో దొరకదు.