టేపెస్ట్రీ: ఇరవై ఏళ్లకు పైగా వింటున్నాక రాస్తున్న మాట

అమెరికన్ గాయని, పాటల రచయిత్రి కరోల్ కింగ్ ఆల్బమ్ 'టేపెస్ట్రీ' నా చేతికొచ్చింది 2004లో. అమెరికాలో ఎంఎస్ చదువుతున్న రోజులు, ఒక గరాజ్ సేల్‌లో డాలరుకి సీడీ. అట్ట మీద ఫొటో నచ్చి తీసుకున్నాను: కిటికీ దగ్గర చెప్పులు లేకుండా కూర్చున్న ఆవిడ, చేతిలో కుట్టుపని, ముందు ఒక పిల్లి. లాస్ ఏంజెలెస్‌లోని లారెల్ కాన్యన్‌లో ఆవిడ సొంత ఇల్లే అదని తర్వాత తెలిసింది. ఆ సీడీ గీతలు పడి పోయింది, పాటలు ఫోన్‌లోకి ఎక్కాయి, ఇప్పుడు హైదరాబాద్ ఇంట్లో ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) ఉంది.

1971 ఫిబ్రవరిలో వచ్చిన ఆల్బమ్ ఇది, ప్రొడ్యూసర్ లూ ఆడ్లర్. 12 పాటలు, మొత్తం 45 నిమిషాల లోపే. అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో 15 వారాలు మొదటి స్థానంలో ఉంది, మరుసటి ఏడాది నాలుగు గ్రామీలు. నాకివేవీ తెలియకముందే పియానో పట్టేసింది. మొదటి పాట 'ఐ ఫీల్ ద ఎర్త్ మూవ్' పియానో దెబ్బతోనే మొదలవుతుంది, తబలా మీద గట్టిగా కొట్టినట్టు ఉంటుంది. ఆ వెంటనే 'సో ఫార్ అవే'. ఇండియాకి ఫోన్ చేసుకునే ప్రీపెయిడ్ కాలింగ్ కార్డులో నిమిషాలు అయిపోయి అమ్మ మాట మధ్యలో తెగిపోయిన రాత్రుళ్లు ఈ పాటే పెట్టుకుని పడుకునేదాన్ని. చివర్లో ఫ్లూట్ ఒకటి వస్తుంది, మెల్లగా దూరమైపోతూ... ఇప్పటికీ అక్కడికొచ్చేసరికి చేస్తున్న పని ఆపేస్తాను.

ఆవిడది పెద్ద గొంతు కాదు. పై స్థాయికి వెళ్తే కాస్త గరుకుగా పలుకుతుంది, దాన్ని నున్నగా చేసే ప్రయత్నం ఎవరూ చేయలేదు. రేడియోలో లలిత సంగీతం వింటూ పెరిగినవాళ్లకి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు: గొంతు ముందు, వాయిద్యాలు వెనక, పక్క గదిలో ఎవరో తమ కోసం తాము పాడుకుంటున్నట్టు. వాగ్గేయకారిణి అనాలనిపిస్తుంది గానీ మాటలన్నీ ఆవిడవి కావు, కొన్ని మాజీ భర్త జెర్రీ గాఫిన్‌వి, కొన్ని టోనీ స్టెర్న్‌వి. బాణీలు మాత్రం అన్నిట్లోనూ ఆవిడవే.

నాకు ఈ ఆల్బమ్ గుండెకాయ 'విల్ యూ లవ్ మీ టుమారో'. గాఫిన్‌తో కలిసి షిరెల్స్ అనే అమ్మాయిల గాన బృందం కోసం చేసినప్పుడు ఆవిడకి 18 ఏళ్లు. అది హుషారుగా సాగే పాట, 1961లో నంబర్ వన్ అయింది. పదేళ్ల తర్వాత, విడాకులయ్యాక, ఇద్దరు పిల్లల తల్లిగా అదే పాటని బాగా నెమ్మదించి పాడింది, వెనక తోటి గాయకులు జేమ్స్ టేలర్, జోనీ మిచెల్ గొంతు కలిపారు. ఒక్క మాట మారలేదు. రేపు కూడా నన్ను ప్రేమిస్తావా అని పద్దెనిమిదేళ్ల పిల్ల అడిగితే సిగ్గు వినిపిస్తుంది, ఈవిడ అడుగుతుంటే జవాబు తెలిసే అడుగుతున్నట్టుంది. ఇరవై నాలుగేళ్లప్పుడు ఈ తేడా నాకు పట్టుబడలేదు, నలభై దాటాక ఒకరోజు వంటింట్లో గిన్నెలు సర్దుతూ వింటుంటే సరిగ్గా తగిలింది.

'ఏ నేచురల్ వుమన్' అంటే అందరికీ సోల్ గాయని అరెతా ఫ్రాంక్లిన్ 1967 రికార్డే గుర్తొస్తుంది, రావాలి కూడా, ఆ పాటలో ఆవిడతో పోటీ ఎవరికీ సాధ్యం కాదు. కరోల్ పోటీకి వెళ్లలేదు. పియానో, బేస్, తన గొంతు, అంతే. సోల్ (నల్లజాతి అమెరికన్ల నుంచి వచ్చిన, భావావేశంతో పాడే శైలి) అంటే అరవడమే అనుకునేవాళ్లు ఇది తప్పకుండా వినాలి.

అన్నీ ఒకే స్థాయిలో ఉన్నాయని చెప్పను. 'స్మాక్‌వాటర్ జాక్' తుపాకీ పట్టినవాడి కథ, బాగానే ఊపుతుంది గానీ ఈ ఇంట్లోకి దారితప్పి వచ్చిన చుట్టంలా ఉంటుంది, నేను దాటేస్తాను. ఆల్బమ్‌కి పేరిచ్చిన 'టేపెస్ట్రీ' పాట నచ్చడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది.

ఎల్పీ కొనేవాళ్లకి ఒక మాట. నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన మొదటి కాపీ ఒంగిపోయి వచ్చింది, అమ్మినతను మార్చివ్వలేదు. పియానో ఎక్కువున్న రికార్డు కదా, డిస్క్ ఒంగితే స్వరం ఊగుతుంది, చెవికి వెంటనే తెలిసిపోతుంది. రెండోది షాపులో కొన్నాను. డిస్క్ బయటికి తీసి, కంటి ఎత్తులో పట్టుకుని అంచు చూడండి. బాగుంటే రెండో వైపు వేసి చూపించమనండి, మొదటి పాట 'యూ హావ్ గాట్ ఏ ఫ్రెండ్' వస్తుంది. పియానో ఊగకుండా నిలబడితే తెచ్చుకోండి.