అబిడ్స్‌లో 150కి కొన్న దెయ్యాల పుస్తకం

పోయిన ఆదివారం కాదు, ఆ ముందు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నా దీన్ని, ఎం.ఆర్. జేమ్స్ అనే ఇంగ్లండాయన రాసిన దెయ్యం కథలు. 1904లో ఒకటి, 1911లో ఒకటి వచ్చిన మొదటి రెండు పుస్తకాలూ కలిపి ఒకే పేపర్‌బ్యాక్‌గా వేశారు, మొత్తం 15 కథలు, ముందు ఆయన జీవితం గురించి పెద్ద ముందుమాట. అమ్మేటాయన 250 అన్నాడు, నేను వంద అన్నా, "ఫారిన్ బుక్ అన్నా, కాయితం చూడు ఎట్లుందో" అంటూ చివరికి 150కి ఇచ్చాడు. ఇంటికొచ్చి తిరగేస్తే లోపల ఎవరిదో డాక్టర్ చీటీ, ఒక్క అక్షరం అర్థమైతే ఒట్టు, ఇంకా మధ్యలో ఎనిమిది పేజీలు గాయబ్.

దెయ్యం కథలు రాసేవాడంటే ఏ శ్మశానం పక్కనో గడ్డం పెంచుకుని తిరిగే టైపు అనుకున్నా, ఈయన పక్కా లెక్చరర్ బాపతు. 1862లో పుట్టాడు, నాన్న చర్చిలో పాస్టర్, చిన్నతనం సఫోక్‌లో ఒక పల్లెటూళ్ళో, స్కూలు ఈటన్‌లో, కాలేజీ కేంబ్రిడ్జ్ కింగ్స్‌లో, తర్వాత అదే కింగ్స్‌కి 1905 నుంచి 1918 దాకా ప్రోవోస్ట్ అంటే కాలేజీ మొత్తానికి పెద్ద, మధ్యలో రెండేళ్ళు యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్, ఆ తర్వాత మళ్ళీ ఈటన్‌కే ప్రోవోస్ట్‌గా వెళ్ళి 1936లో అక్కడే పోయాడు. పెళ్ళి లేదు. మా బాబాయి ఓయూలో చేరి రిటైరయ్యేదాకా తార్నాక దాటలేదని ఇంట్లో ఏడిపిస్తుంటాం, ఈయన ముందు బాబాయి దేశదిమ్మరి.

అసలు ఉద్యోగంలో ఆయన పేరంతా పాత చేతిరాత పుస్తకాలకి కేటలాగులు రాయడంలో. ఏ పుస్తకం ఏ మఠంలో రాశారు, ఎన్ని చేతులు మారి ఇక్కడికొచ్చింది, ఇదీ రోజంతా పని. కథలు మాత్రం సరదాకి, క్రిస్మస్‌కి దోస్తులని రూమ్‌కి పిలిచి, కొవ్వొత్తులన్నీ ఆర్పేసి ఒక్కటి మాత్రం ఉంచి చదివి వినిపించేవాడట. వాళ్ళలో మెక్‌బ్రైడ్ అని ఒకతను బొమ్మలేసేవాడు, మొదటి పుస్తకానికి నాలుగే నాలుగు బొమ్మలు వేసి 1904లోనే చనిపోయాడు, ఆ నాలుగింటితోనే పుస్తకం వేశారు, మిగతా కథలకి వేరేవాళ్ళ చేత వేయించలేదు. ముందుమాటలో ఈ ముక్క దగ్గర కాసేపు ఆగిపోయా.

కథలకొస్తే రక్తం, అరుపులు ఏం ఉండవు. ఒక చదువుకున్నాయన ఏదో పాత వస్తువు ముట్టుకుంటాడు, అక్కడ మొదలవుద్ది, పాత వస్తువుల మధ్యే బతికినాయన రాశాడు కాబట్టి అది కల్పించినట్టు ఉండదు. నాకు బాగా పట్టుకున్నది విజిల్ కథ. ఒక ప్రొఫెసర్ సెలవులకి సముద్రం ఒడ్డున సత్రంలో దిగుతాడు, రూమ్‌లో రెండు మంచాలు, ఒక పాడుబడ్డ కట్టడంలో పాత విజిల్ దొరికితే దాని మీద లాటిన్‌లో "ఎవరు వస్తున్నది" అని రాసుంటుంది, ఈయన ఊదుతాడు. తర్వాత పనమ్మాయి వచ్చి అదనపు దుప్పటి ఏ మంచం మీద వేయమంటారు, రెండూ పడుకుని లేచినట్టే ఉన్నాయి కదా అని అడుగుతుంది. అంతే. నేను అది చదివే టైమ్‌కి వానలని మా ఆవిడ తడి దుప్పట్లన్నీ హాల్లో తాడు మీద ఆరేసింది, రాత్రి రెండింటికి మంచినీళ్ళకి లేచా గానీ హాలు దాటి కిచెన్‌లోకి పోలేక దాహంతోనే పడుకున్నా, నలభై రెండేళ్ళు నాకు.

పోయిన ఎనిమిది పేజీల సంగతి. ఒక కథలో డెన్మార్క్‌లో ఒక హోటల్, రూమ్ నంబర్ 12 పక్కన 14 ఉంటుంది, 13 లేదు, రాత్రి మాత్రం ఆ రూమ్ వచ్చి పొద్దున్నకి మాయమవుద్ది. సరిగ్గా ఈ కథలోవే పేజీలు లేవు! మరుసటి ఆదివారం వెళ్ళి అడిగితే "పాత బుక్ అంటే గట్లనే ఉంటది అన్నా" అన్నాడు, పైసా తగ్గించలే. ఈ కథలకి కాపీరైట్ ఎప్పుడో పోయింది, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఫ్రీగా ఉన్నాయి, మిగతాది ఫోన్‌లో చదివేశా, కాబట్టి పుస్తకం దొరకకపోయినా పర్లేదు.

నచ్చనివీ ఉన్నాయి. నిధి కథ ఒకటి సగం లాటిన్, సగం కోడ్ విప్పడం, నిద్రొచ్చింది. ఆడవాళ్ళు దాదాపు కనపడరు. ఇంగ్లీషు నిదానంగా నడుస్తుంది, మెట్రోలో నిలబడి చదివేది కాదు.

ఇంకో కథలో ఒకాయన చేతికి బ్రిటిష్ మ్యూజియంలో ఎవరో పెద్దమనిషి మర్యాదగా కాయితాలు అందిస్తాడు, వాటిలో అర్థంకాని రాతలున్న చీటీ ఒకటుంటుంది, అది ఎవరి దగ్గరుంటే వాళ్ళకి మూడు నెలల్లో మూడుతుంది, తెలియకుండా మళ్ళీ ఇచ్చినోడికే అంటగట్టాలి. అబిడ్స్ ఆయన ఆ డాక్టర్ చీటీ ఇక తీసుకోడు. నిన్న మా బావ వచ్చి "దెయ్యాలా, నాకేం భయంరా" అని నవ్వితే పుస్తకం చదవమని ఇచ్చా, చీటీ లోపలే ఉంచి.